పేజీ అంతా తెలుగే, స్క్రీన్ రీడర్ మాత్రం అంకెలే చదువుతోంది

కడప సైట్లు

అందరికీ నమస్కారం. కడపలో ఏడు రోడ్ల దగ్గర చిన్న షాపు పెట్టుకుని వెబ్‌సైట్లు చేస్తుంటాను. బట్టల షాపులు, కల్యాణ మండపాలు, స్కూళ్లు, ఇట్లాంటివే ఎక్కువ. ఈ మధ్య ఒక డీఎస్సీ కోచింగ్ సెంటర్‌కు వర్డ్‌ప్రెస్‌లో సైట్ చేసిచ్చాను. క్లాసు నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, రోజువారీ బిట్లు అన్నీ అందులోనే పెడతారు. నోట్సంతా యూనికోడ్ తెలుగే.

మొన్న ప్రొద్దుటూరు నుంచి ఒక అమ్మాయి సెంటర్‌కు ఫోన్ చేసింది. ఆమెకు చూపు లేదు, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, అంటే తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని చదువుకుంటుంది. "సార్, ఆంధ్ర రాష్ట్రం పాఠం తెరిస్తే నైన్టీన్ థర్టీ సెవెన్, సిక్స్‌టీన్, నైన్టీన్ ఫిఫ్టీ త్రీ, వన్ అని అంకెలే వినపడుతున్నాయి, మధ్యలో ఏమీ లేదు" అందట. ఆ పేజీ తీసి చూశాను. 1937 నవంబర్ 16న శ్రీబాగ్ ఒడంబడిక, 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అని మొదటి పేరాలో ఉంది. అంటే ఊళ్లూ పేర్లూ నెలలూ అన్నీ ఎగిరిపోయి అంకెలే మిగిలాయి.

నాకు అర్థం కానిదేందంటే, క్రోమ్‌లో పేజీని పరీక్షించే లైట్‌హౌస్ నడిపిస్తే యాక్సెసిబిలిటీకి, అంటే వికలాంగులు కూడా వాడుకునేలా ఉందా అన్నదానికి 100కి 100 వచ్చింది. సోర్స్ తెరిస్తే మొట్టమొదటి హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో, పేజీ ఏ భాషో చెప్పే లాంగ్ అనే యాట్రిబ్యూట్‌కు "ఈఎన్ హైఫన్ యూఎస్" అని ఉంది. థీమ్‌తో వచ్చిందే అది, ఎవరూ ముట్టుకోలేదు.

అది మారిస్తే సరిపోతుందా, ఇంకేమన్నా చెయ్యాలా? నోట్సులో రెండు భాషలూ కలిసి ఉంటాయి. సైకాలజీ నిర్వచనాలు ఇంగ్లిష్‌లో ఇచ్చి కింద తెలుగులో వివరిస్తారు. పైన రెండు భాషలూ కామా పెట్టి రాయొచ్చా? ప్రతి ఇంగ్లిష్ మాటకూ విడిగా ట్యాగ్ పెట్టాలంటే మాత్రం నా వల్ల కాదు. పాత ప్రశ్నపత్రాలేమో పీడీఎఫ్‌లు, వాటి సంగతి వేరే ఉన్నట్టుంది. ఓనర్ "ఒక్క మనిషి కోసం ఇంత తిప్పలెందుకబ్బా" అంటున్నాడు. ఆయనకు చెప్పడానికి కూడా ఏదైనా ఉంటే ఇవ్వండి.

సీమ బ్లాగరు

సింపుల్ అన్నా. సెట్టింగ్స్‌లో జనరల్‌కు పోయి సైట్ లాంగ్వేజ్ తెలుగు పెట్టు, అయిపోయె. తెలుగుకు కోడ్ టీఈ, ఇంగ్లిష్‌కు ఈఎన్. రెండు భాషలుంటే "టీఈ కామా ఈఎన్" అని రాసెయ్, ఏం కాదు. నేనైతే మెటా ట్యాగ్‌లో కంటెంట్ లాంగ్వేజ్ అని కూడా పెట్టినా. ఇది చేస్తే గూగుల్ సెర్చ్‌లో కూడా పైకొస్తావు, అది బోనస్.

రెండో కౌంటర్, కర్నూలు

పైన తమ్ముడు చెప్పినవాటిలో మొదటి వాక్యం కరెక్టు. మిగతావి వద్దు.

ముందు నేనెవరో చెప్తా. పుట్టుకతో చూపు లేదు. కర్నూలులో ఒక బ్యాంకు బ్రాంచిలో పని, రోజంతా చెవిలో ఎన్‌వీడీఏ మోగుతూనే ఉంటుంది. వెబ్‌సైట్లు తయారుచేయడం నా వృత్తి కాదు గానీ, సరిగా చేయని వెబ్‌సైట్లు వినడంలో మాత్రం మంచి సర్వీసు ఉంది. ఫోన్‌తో మాట్లాడుతూ టైప్ చేస్తున్నా కాబట్టి కోడ్ కూడా పలికినట్టే వస్తుంది, సర్దుకోండి.

స్క్రీన్ రీడర్‌లో రెండు పనులు జరుగుతుంటాయి. బ్రౌజర్ దగ్గర్నుంచి రాతను తీసుకోవడం ఒకటి, దాన్ని పలకడం ఇంకొకటి. పలికేదాన్ని మేం గొంతు అంటాం. ఎన్‌వీడీఏతో పాటు ఈస్పీక్ అనే గొంతు ఉచితంగా వస్తుంది, అందులో తెలుగు కూడా ఉంది. మరమనిషి మాట్లాడినట్టే ఉంటుంది, కాదనను. అలవాటైతే ఎంత స్పీడులోనైనా వినొచ్చు, నాకదే ఇష్టం. సరే, రాతను గొంతుకు అందించేటప్పుడు "ఇది ఫలానా భాష" అని ఎన్‌వీడీఏ చెప్పాలి కదా. ఆ సంగతి అది పేజీనే అడిగి తెలుసుకుంటుంది. నీ పేజీ "నేను అమెరికా ఇంగ్లిష్" అంది. ఇంగ్లిష్ గొంతుకు మన అక్షరాలు తెలియవు. కొన్ని గొంతులు తెలియని అక్షరాలను చప్పుడు చేయకుండా దాటేస్తాయి, కొన్ని ఒక్కో అక్షరం దగ్గరా ఏదో గొణుగుతాయి. ఆ అమ్మాయిది దాటేసే రకం అయ్యుంటుంది. అంకెలు ఏ గొంతుకైనా తెలుసు కాబట్టి అవి మిగిలాయి.

సైట్లు చేసేవాళ్లు చాలామందికి తట్టని సంగతి ఇంకోటుంది. భాష ఏదో రాయకపోవడం కన్నా తప్పు భాష రాయడం మాకు ఎక్కువ నష్టం. నా కంప్యూటర్‌లో మొదటి గొంతు తెలుగు పెట్టుకున్నాననుకో. నీ పేజీలో భాష సంగతి ఏమీ లేకపోతే ఎన్‌వీడీఏ ఆ తెలుగు గొంతుతోనే చదువుకుంటూ పోతుంది, నాకు పాఠం వినపడుతుంది. నువ్వు ఇంగ్లిష్ అని రాశావు కాబట్టి నీ మాట నమ్మి తెలుగు గొంతును పక్కనపెట్టి ఇంగ్లిష్ గొంతు తెచ్చింది. దాని తప్పేముంది అందులో? చెప్పినట్టు చేసింది.

దీనికి మాలో చాలామంది ఒక చిట్కా వాడతారు. ఎన్‌వీడీఏ స్పీచ్ సెట్టింగ్స్‌లో భాషను బట్టి గొంతు తనంతట తాను మారే ఆప్షన్ ఒకటుంటుంది. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, వీ కలిపి నొక్కితే ఆ సెట్టింగ్స్ వస్తాయి. టిక్ తీసేస్తే పేజీ ఏం చెప్పినా పట్టించుకోదు. అంతవరకు ఆ అమ్మాయికి చెప్పు, ఇప్పటికిప్పుడు చదువు ఆగకుండా ఉంటుంది. కాకపోతే టిక్ తీసేసినవాళ్లు మళ్లీ పెట్టరు. అప్పుడు భాషలు పద్ధతిగా రాసిన సైట్‌కు వెళ్లినా హిందీ పేరా హిందీలో వినపడదు. తప్పుగా రాసిన సైట్ల వల్ల సరిగా రాసినవాళ్ల కష్టం కూడా వృథా అవుతుందని నా బాధ.

"నా ఫోన్‌లో బాగానే చదివిందే" అని ఎవరైనా అంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. గూగుల్ తెలుగు గొంతు పెట్టుకున్న ఫోన్ తెలుగు అక్షరాలూ ఇంగ్లిష్ అక్షరాలూ రెండూ చదివేస్తుంది, పేజీలో తప్పు ఉన్నా బయటపడదు. కంప్యూటర్ మీద చూడు. మా బ్యాంకు పనులూ, ఆ అమ్మాయి చదువూ కంప్యూటర్ మీదే కదా.

లైట్‌హౌస్ మార్కుల గురించి అడిగావు. లాంగ్ అనేది ఉందా లేదా, అందులో రాసింది నిజంగా ఒక భాష కోడేనా అన్నంతవరకే అది చూస్తుంది. కింద ఉన్న రాత ఆ భాషలోదేనా అని చూడదు. పేజీ నిండా తెలుగు పెట్టి పైన స్వీడిష్ అని రాసినా ఆ అంశంలో మార్కులు తగ్గవు. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ వాళ్ల హెచ్‌టీఎంఎల్ వ్యాలిడేటర్, అంటే పేజీ కోడ్‌లో తప్పులు చూపేది, కొంత నయం, రాతను చూసి భాషను ఊహించి, పైన రాసినదానితో సరిపోకపోతే హెచ్చరిక ఇస్తుంది.

ఇక కామా. లాంగ్‌లో ఒక్క భాషే పట్టేది. "టీఈ కామా ఈఎన్" అని రాస్తే అది ఏ భాషకూ కోడ్ కాకుండా పోతుంది. పేజీలో ఎక్కువ భాగం ఏ భాషో అది పైన, మిగతా భాష ఎక్కడొస్తే అక్కడ ఆ ముక్కకు. మెటా ట్యాగ్‌లో కంటెంట్ లాంగ్వేజ్ పాత పద్ధతి, ఇప్పటి హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో దాన్ని వాడొద్దనే ఉంది. గూగుల్ సంగతంటావా, పేజీ భాషను తేల్చుకోవడానికి లాంగ్ యాట్రిబ్యూట్‌ను చూడమని, రాతనే చూస్తామని గూగుల్ తన డాక్యుమెంటేషన్‌లోనే రాసింది. బోనస్ లేదు తమ్ముడూ.

ప్రతి ఇంగ్లిష్ మాటకూ ట్యాగ్ పెట్టాలా అన్నావు. వద్దే వద్దు. వెబ్ యాక్సెసిబిలిటీకి ప్రపంచమంతా చూసే నియమావళి డబ్ల్యూసీఏజీ. అందులో 3.1.1 పేజీ మొత్తానికి భాష చెప్పమంటుంది, అది కింది మెట్టు, తప్పనిసరి. 3.1.2 పేజీలో వేరే భాష ముక్కలకు భాష చెప్పమంటుంది, అది రెండో మెట్టు. ఈ రెండూ 2008లో వచ్చిన 2.0 నుంచి ఇవాళ్టి 2.2 దాకా అట్లాగే ఉన్నాయి. ఆ రెండోదానిలోనే మినహాయింపు కూడా ఉంది. మనుషుల పేర్లు, సాంకేతిక పదాలు, చుట్టూ ఉన్న భాషలో కలిసిపోయిన మాటలు, వీటికి అక్కర్లేదు. బస్సు, బ్యాంకు, సిలబస్, హాల్ టికెట్ అని తెలుగు అక్షరాల్లో రాస్తే అవి తెలుగే, వాటి జోలికి పోవద్దు. బీఈడీ, టెట్ లాంటివి ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకటీ అరా వచ్చినా వదిలెయ్. ఈస్పీక్ తెలుగు గొంతు అట్లాంటివి ఇంగ్లిష్‌గా పలుకుతుంది. ప్రతి మాటకూ ట్యాగ్ పెట్టిన సైట్ ఒకటి విన్నాను. రెండు మాటలకోసారి గొంతు మారి, వార్తలు వింటుంటే పక్కనెవరో రేడియో స్టేషన్ తిప్పుతున్నట్టు అయింది. సగం పేజీ కూడా వినలేక మూసేశా.

నీ సైకాలజీ నిర్వచనం పూర్తి వాక్యం. దానికి మాత్రం పెట్టు. తెలుగు గొంతు ఇంగ్లిష్ వాక్యం మొత్తాన్ని చదివితే ఒత్తులూ విరామాలూ దారితప్పుతాయి, పరీక్షకు కంఠతా పట్టాల్సినవాళ్లకు అది పనికిరాదు. వర్డ్‌ప్రెస్ ఎడిటర్‌లో ఆ వాక్యాన్ని సెలెక్ట్ చేసి, ఫార్మాటింగ్ మెనూలో లాంగ్వేజ్ అనే దాన్ని ఎంచుకుని "ఈఎన్" అని ఇస్తే చాలు. కోడ్ ముట్టుకోనక్కర్లేదు, నోట్సు ఎక్కించేవాళ్లకే నేర్పించొచ్చు.

మీ ఓనర్‌కు నేనైతే ఇట్లా చెప్తా. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, అందులో 1 శాతం చూపు లేనివాళ్లకూ, చూపు తక్కువున్నవాళ్లకూ. అంటే డీఎస్సీ రాసేవాళ్లలో మావాళ్లు ఉంటారు, ఫీజు కట్టి కోచింగ్‌కూ వస్తారు. ఆయనకు ఒక్కరే ఫోన్ చేశారు, నిజమే. మిగతావాళ్లు అంకెలు విని ట్యాబ్ మూసేసి ఉంటారు, వాళ్లు ఫోన్ చేసి చెప్పరు. చట్టం మాట వింటాడనుకుంటే, సేవలు వికలాంగులకు అందుబాటులో ఉండాలనే 46వ సెక్షన్ అదే చట్టంలో ఉంది, అది ప్రైవేటుగా సేవలందించేవాళ్లకు కూడా వర్తిస్తుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమేనంది. ఫీజుల మాటే ముందు చెప్పు, త్వరగా ఎక్కుతుంది.

కడప సైట్లు

చాలా థ్యాంక్స్ సార్. ఫీజుల మాట నిజంగానే ఎక్కింది.

సెట్టింగ్స్‌లో తెలుగు పెట్టినా సోర్స్‌లో ఈఎన్ యూఎస్ అట్లాగే ఉండిపోయింది. థీమ్ చేసినవాళ్లు హెడర్ ఫైల్‌లో దాన్ని నేరుగా రాసేశారు. అసలు థీమ్‌ను ముట్టుకోకుండా మార్పులు పెట్టుకునే చైల్డ్ థీమ్ చేసి, ఆ చోట వర్డ్‌ప్రెస్ వాళ్ల లాంగ్వేజ్ యాట్రిబ్యూట్స్ ఫంక్షన్ పెట్టాక "టీఈ" వచ్చింది. ఇంకో చిక్కు, డాష్‌బోర్డ్ కూడా తెలుగైపోయి నోట్సు ఎక్కించే మేడం "బటన్లన్నీ ఏంది ఇట్లా అయినాయి" అని ఫోన్ చేసింది. యూజర్ ప్రొఫైల్‌లో ఆమె ఒక్కరికీ ఇంగ్లిష్ పెట్టేస్తే సరిపోయింది. సైట్ భాష వేరు, అక్కడ పెట్టే భాష వేరు. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

ప్రొద్దుటూరు అమ్మాయి విని చూసింది. శ్రీబాగ్, కర్నూలు, అక్టోబర్ అన్నీ వస్తున్నాయట, సంవత్సరాలు కూడా తెలుగులోనే పలుకుతోందట.

మిగిలినవి రెండు. సైట్ పైన "తెలుగు, ఇంగ్లిష్" అని మార్చుకునే బటన్ ఉంది. అది పేజీ మళ్లీ లోడ్ కాకుండా జావాస్క్రిప్ట్‌తో రాతను మారుస్తుంది. అలాగే హిందీ పండిట్, ఉర్దూ మీడియం నోట్సు కూడా వచ్చే నెల పెడతామంటున్నారు.

అనంత టు బెంగళూరు

నేను అనంతపురం, బెంగళూరులో ఫ్రంట్ ఎండ్ పని. శనివారం రైల్లో ఊరికి పోతూ రాస్తున్నా, సిగ్నల్ ఉన్నంతవరకు.

అన్నా, ఆ బటన్ దగ్గర జాగ్రత్త. రాత మాత్రం మార్చి లాంగ్‌ను మార్చకపోతే మళ్లీ మొదటికే వస్తావు, ఈసారి తెలుగు గొంతు ఇంగ్లిష్ పేజీని చదువుతుంది. బటన్ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్‌లోనే డాక్యుమెంట్ ఎలిమెంట్ లాంగ్‌కు కొత్త కోడ్ ఇచ్చే లైను ఒకటి చేర్చు, ఒక్క లైనే. నేను చూసిన రెండు భాషల సైట్లలో సగానికి సగం ఇక్కడే పోతాయి. కుదిరితే రెండు భాషలకూ వేరే వేరే అడ్రస్‌లు పెట్టు, అదే గట్టి పద్ధతి. లింకు వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకు అదే భాషలో తెరుచుకుంటుంది.

బటన్ మీద "ఇంగ్లిష్" అనే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది కదా, దానికి ఈఎన్. ఇంగ్లిష్ పేజీలో "తెలుగు" అనే మాటకు టీఈ. ఇక్కడ మాత్రం ఒక్క మాటైనా పెట్టాల్సిందే. తెలుగు కావాల్సినవాళ్లు వెతికేది దాన్నే, అది మూగబోతే ఇంకేం లాభం? ఆ లింకుకు హెచ్‌రెఫ్‌లాంగ్ అని పెట్టి అయిపోయిందనుకునేవాళ్లున్నారు. ఆ లింకు నొక్కితే వచ్చే పేజీ ఏ భాషో చెప్పేది అది, లింకు మీది మాట ఎట్లా పలకాలో చెప్పదు.

కంటికి కనపడని రాత కూడా ఉంటుంది. బొమ్మలో ఏముందో చెప్పే ఆల్ట్, బటన్ల లాంటివాటికి పేరు చెప్పే ఆరియా లేబుల్, ఇవన్నీ అవి ఏ ఎలిమెంట్ మీద ఉంటే దాని భాషలోనే పలుకుతాయి. పేజీ తెలుగు చేశావు, ప్లగిన్‌తో వచ్చిన మెనూ బటన్ లేబుల్స్ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి చూడు. వాటిని తెలుగులోకి మార్చెయ్, లాంగ్ పెట్టుకుంటూ కూర్చోవడం కన్నా అది సులువు.

కోడ్‌లు ఊహించి రాయొద్దు. "టీఎల్" అని పెట్టినవాళ్లను చూశా, అది ఫిలిప్పీన్స్‌లోని తగలాగ్. "టీఐ" అంటే ఎరిత్రియా, ఇథియోపియాల్లో మాట్లాడే టిగ్రిన్యా. ఇండియా కదా అని ఒకాయన ఉత్త "ఐఎన్" అని పెట్టినాడు, అది ఇండోనేషియా భాషకు పాత కోడ్. మనకు టీఈ చాలు. టీఈ హైఫన్ ఐఎన్ అన్నా తప్పు లేదు, దానివల్ల అదనంగా వచ్చేదీ లేదు. మూడక్షరాల "టీఈఎల్" వేరే జాబితాలో ఉంది గానీ, రెండక్షరాల కోడ్ ఉన్న భాషకు వెబ్‌లో రెండక్షరాలదే వాడాలి.

హిందీ, ఉర్దూ గురించి ధర్మవరం దాటాక రాస్తా.

డీటీపీ మామ

అబ్బాయ్, నీ పీడీఎఫ్‌ల మాట ఎవరూ ఎత్తలేదు. కర్నూలులో నాది పాత డీటీపీ సెంటర్, పెళ్లి పత్రికల నుంచి ప్రశ్నపత్రాల దాకా చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ముందు ఆ పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యి.

ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వచ్చాయంటే అది అను ఫాంట్లలో కొట్టింది. కంటికి తెలుగే, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు, వాటి మీద తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు. దానికి నువ్వు తెలుగు అని భాష రాస్తే ఆ గుర్తులనే తెలుగు గొంతుతో చదువుతుంది, అంతే. దాన్ని ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక కూర్చుని చదవాలి. ఒత్తులు, అరసున్నలు, ప్రశ్నల్లోని భిన్నాలు కన్వర్టర్‌కు సరిగా దొరకవు.

పేస్ట్ చేస్తే ఏమీ రాలేదంటే అది స్కాన్ చేసిన బొమ్మ. గూగుల్ డ్రైవ్‌లో గానీ, టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో గానీ రాతగా మార్చుకోవచ్చు, రెండింటికీ తెలుగు వచ్చు. అచ్చు శుభ్రంగా ఉంటే బాగానే వస్తుంది. జిరాక్సుకు జిరాక్సు తీసిన కాగితమైతే టైప్ చేయించడమే నయం.

తెలుగు సరిగ్గానే పేస్ట్ అయితే అదృష్టవంతుడివి. అప్పుడు వర్డ్‌లో రాత సెలెక్ట్ చేసి ప్రూఫింగ్ లాంగ్వేజ్ తెలుగు పెట్టి, పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లో ట్యాగుల టిక్ ఉందో లేదో చూసుకో. పీడీఎఫ్‌కు కూడా భాష రాసే చోటు లోపల ఉంటుంది. అయినా యూనికోడ్‌లో కొట్టిన తెలుగు కూడా పీడీఎఫ్‌లోకి పోయాక గుణింతాలు ముందువెనకలై చెదిరిపోవడం నేను చాలాసార్లు చూశా. నా మాట వింటే ప్రశ్నపత్రాలను మామూలు వెబ్ పేజీలుగా పెట్టు, పీడీఎఫ్ ప్రింటు తీసుకునేవాళ్లకు ఉంచు.

రెండో కౌంటర్, కర్నూలు

డీటీపీ మామ చెప్పింది అక్షరాలా నిజం. అను ఫాంట్ల పీడీఎఫ్ ఒకసారి మొత్తం విన్నాను, సర్క్యులర్ అది. డాలర్, పర్సెంట్, బ్రాకెట్ అని ఏదేదో చెప్పుకుంటూ పోయింది. కడకు పక్క సీటు మేడం చదివి వినిపించింది.

ప్రశ్నపత్రాలు పేజీలుగా పెట్టేటప్పుడు ఒక్క సంగతి. ఇంగ్లిష్ పేపర్ ప్రశ్నల్లో సూచన తెలుగులో, ప్రశ్న ఇంగ్లిష్‌లో, నాలుగు జవాబులూ ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఒక్కో జవాబుకూ లాంగ్ పెట్టకుండా, ప్రశ్న మొదలైన దగ్గర్నుంచి నాలుగో జవాబు దాకా అంతా ఒక డివ్‌లో, అంటే పెట్టె లాంటి ట్యాగ్‌లో పెట్టి దానికే ఈఎన్ ఇవ్వు. లోపలున్నవన్నీ దాన్నే పాటిస్తాయి. గొంతు ఒక్కసారే మారుతుంది, వినేవాళ్లకు హాయి. ఏ, బీ, సీ, డీ అక్షరాలు కూడా అందులోనే ఉంచు. అవి బయట ఉంటే ఒక్కో జవాబుకు రెండుసార్లు గొంతు మారుతుంది.

ఎన్‌వీడీఏ నువ్వు కూడా ఎక్కించుకో, డబ్బులు కట్టనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో చూపు లేని మైకేల్ కర్రన్ అనే కుర్రాడు 2006లో మొదలుపెట్టిన పని అది. మానిటర్ ఆపేసి నీ సైట్‌లో ఒక పాఠం విను. స్పీచ్ వ్యూయర్ అని టూల్స్ మెనూలో ఉంటుంది, అది పలికేది తెర మీద రాత రూపంలో చూపిస్తుంది. దాన్ని చూసి అంతా బాగుందనుకోవద్దు. అక్కడ తెలుగు చక్కగా కనపడుతుంటుంది, గొంతు మాత్రం దాటేస్తూ ఉండొచ్చు. చెవితోనే తేల్చుకోవాలి.

అనంత టు బెంగళూరు

ధర్మవరం దాటింది.

తెలుగు లిపి చూస్తే ఇది తెలుగే అని యంత్రమైనా ఊహించొచ్చు, ఈ లిపిలో రాసే పెద్ద భాష వేరే లేదు. హిందీకి ఆ వీలు లేదు. దేవనాగరిలో మరాఠీ ఉంది, నేపాలీ ఉంది, సంస్కృతం ఉంది. కాబట్టి హిందీ పండిట్ నోట్సు పేజీకి "హెచ్ఐ" తప్పకుండా పెట్టు, మధ్యలో సంస్కృత శ్లోకం వస్తే దానికి "ఎస్ఏ". సంస్కృతానికి గొంతు లేనివాళ్లకు తేడా తెలియకపోవచ్చు, ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

ఉర్దూకు "యూఆర్". అది అరబిక్ అక్షరాల కుటుంబం, భాష చెప్పకపోతే అరబిక్ గొంతు గానీ ఫార్సీ గొంతు గానీ ఎత్తుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ రెండో యాట్రిబ్యూట్ కూడా కావాలి. ఉర్దూ అని రాసినంత మాత్రాన బ్రౌజర్ కుడి నుంచి ఎడమకు తిప్పదు. "డిర్" అనే దానికి "ఆర్‌టీఎల్" అని విడిగా ఇవ్వాలి. లేకపోతే ఫుల్‌స్టాప్‌లు, బ్రాకెట్లు వాక్యం తప్పు కొసన కూర్చుంటాయి. చూపు ఉన్నవాళ్లకు అదే మొదట కనపడే తప్పు. తెలుగు పేజీలో ఒక్క ఉర్దూ పేరా ఉన్నా ఆ పేరాకు రెండూ పెట్టు.

ఫాంట్ కూడా భాషను బట్టి మార్చుకోవచ్చు. పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్‌లో లాంగ్ సెలెక్టర్ రాసి ఉర్దూకు నస్తాలిఖ్ ఫాంట్ ఇవ్వు, ఉర్దూవాళ్లకు అలవాటైన వాలు రాత అది. మామూలు అరబిక్ ఫాంట్‌లో ఉర్దూ చదవాలంటే మనోళ్లకు చికాకు. కర్నూలులో ఉర్దూ యూనివర్సిటీ పెట్టుకున్నాం, ఆ మాత్రం మర్యాద మన సైట్లలో కూడా ఉండాలి.

కడప సైట్లు

బటన్ ఫంక్షన్‌లో ఆ లైను చేర్చేశా, పని చేస్తోంది. ఉర్దూ పేజీ నమూనా ఒకటి చేసి మా వీధిలో ఉర్దూ టీచర్‌కు చూపించాను. బ్రాకెట్లు సరిగ్గా కూర్చున్నాయన్నారు, ఫాంట్ సైజు పెంచమన్నారు.

పీడీఎఫ్‌లు మామ చెప్పినట్టు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూశా. కొత్తవి తెలుగే వస్తున్నాయి, 2018 డీఎస్సీ నాటివి అను ఫాంట్లవే. ముందు సోషల్ పేపర్లు మారుస్తా, ప్రొద్దుటూరు అమ్మాయికి అవే కావాలట. మామా, మీ దగ్గర కన్వర్ట్ చేసి ప్రూఫ్ చూసి ఇవ్వడానికి పేజీకి ఎంత తీసుకుంటారో మెసేజ్ పెట్టండి. ఓనర్ ఈసారి డబ్బులిస్తానన్నాడు.